1982కి ముందు ఆడినవాళ్ళు రికార్డుల్లో ఎందుకు లేరు? అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ కథ

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికా క్రీడా వార్తలు చూసినవాళ్ళలో చాలామందికి ఒక అయోమయం కలిగి ఉంటుంది. అయోవా యూనివర్సిటీ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ ఫిబ్రవరి 15న కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మహిళల పాయింట్ల రికార్డు బద్దలు కొట్టిందని వార్త వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 28న, మళ్ళీ మహిళల రికార్డు బద్దలైందన్నారు. మార్చి 3న ఇంకో రికార్డు. అంతా అయ్యాక, కాలేజీ రోజుల్లో ఆమెకంటే ఎక్కువ పాయింట్లు చేసిన అమ్మాయి మరొకరు ఉన్నారని కొందరు గుర్తు చేశారు.

విడివిడిగా చూద్దాం. మొదట దాటింది కెల్సీ ప్లమ్ చేసిన 3,527 పాయింట్లను. ప్లమ్ 2017 వరకు వాషింగ్టన్ యూనివర్సిటీకి ఆడింది. రెండోసారి దాటింది లినెట్ వుడార్డ్ చేసిన 3,649ని. వుడార్డ్ 1977 నుంచి 1981 వరకు కాన్సస్ యూనివర్సిటీకి ఆడింది. మార్చి 3న దాటింది మగవాళ్ళ రికార్డు, పీట్ మారవిచ్ 1970 నాటికి పోగేసిన 3,667. ఇక నాలుగో పేరు పెర్ల్ మూర్. సౌత్ కరోలినాలో ఫ్రాన్సిస్ మేరియన్ అనే చిన్న కాలేజీకి ఆడిన ఆమె 1979లో చదువు ముగించేసరికి మొత్తం 4,061 పాయింట్లు చేసింది. క్లార్క్ 3,951 దగ్గర ఆగింది.

ఇక్కడ ఎవరికైనా రావాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. వుడార్డ్ 1981లోనే 3,649 చేసి ఉంటే, ఆ తర్వాత ముప్ఫై ఆరేళ్ళకు 3,527 చేసిన ప్లమ్ పేరు రికార్డు పుస్తకంలోకి ఎలా ఎక్కింది? ఎందుకంటే ఆ పుస్తకం ఎన్‌సీఏఏ అనే జాతీయ కాలేజీ క్రీడా సంఘానిది. ఆ సంఘం మహిళల పోటీలు నడపడం మొదలుపెట్టింది 1981-82 సీజన్‌లో. క్లార్క్ ఆడే నాటికి కూడా వాళ్ళ పుస్తకంలో మహిళల పాయింట్ల లెక్క అక్కడినుంచే మొదలయ్యేది. అంతకుముందు అమ్మాయిల పోటీలు నడిపింది ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం. అది 1982లో మూతపడింది. దానితోపాటు అక్కడ ఆడినవాళ్ళ పాయింట్లు కూడా పక్కకు పోయాయి.

ఈ చిక్కు అర్థం కావాలంటే 1982 నుంచి ఇంకో తొంభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ముందుగా ఒక్క మాట. మన దగ్గర యూనివర్సిటీ ఆటలంటే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, ఒక సర్టిఫికెట్, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందేమోనన్న ఆశ. చూడటానికి వచ్చేది తోటి విద్యార్థులే. అమెరికాలో కాలేజీ ఆట పెద్ద వ్యాపారం. వేలమంది పట్టే సొంత స్టేడియాలు, టీవీ ఒప్పందాలు, ఫీజు, హాస్టల్ ఖర్చు మొత్తం భరించే స్కాలర్‌షిప్‌లు, ప్రొఫెసర్లకంటే ఎన్నో రెట్లు జీతం తీసుకునే కోచ్‌లు ఉంటారు. ఎం.ఎస్.కి వెళ్ళిన మన పిల్లలు మొదటిసారి క్యాంపస్‌లో మ్యాచ్ రోజు సందడి చూసి ఆశ్చర్యపోయేది ఇందుకే. అందువల్ల అక్కడ ఏ సంఘం పోటీలు నడుపుతుందన్నది కేవలం నిర్వహణకు సంబంధించిన విషయం అనుకోవడానికి లేదు. డబ్బు, పదవులు, చరిత్ర, అన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి.

గీతలు గీసిన కోర్టు

జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది 1891 డిసెంబర్‌లో, మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ కళాశాలలో. చలికాలంలో కుర్రాళ్ళను నాలుగు గోడల మధ్య ఆడించడానికి పీచ్ పండ్ల బుట్టలు రెండు గోడకు తగిలించారు. అక్కడికి దగ్గర్లోనే నార్తాంప్టన్‌లో స్మిత్ కాలేజీ ఉంది. అది ఆడపిల్లల కాలేజీ. అక్కడ వ్యాయామం నేర్పడానికి వచ్చిన సెండా బెరెన్సన్ అనే యువతి ఈ కొత్త ఆట గురించి చదివి తన విద్యార్థినులతో ఆడించి చూశారు. 1893 మార్చిలో మొదటి సంవత్సరం అమ్మాయిలకూ రెండో సంవత్సరం అమ్మాయిలకూ పోటీ పెట్టారు. కాలేజీ అమ్మాయిల తొలి బాస్కెట్‌బాల్ మ్యాచ్ అదే. మగవాళ్ళను లోపలికి రానివ్వలేదు. అంటే ఆట పుట్టిన ఏడాదిన్నర లోపే అమ్మాయిలు కోర్టులో ఉన్నారు. చాలామంది అనుకున్నట్టు ఇది మగవాళ్ళ ఆటలోకి తర్వాతెప్పుడో వచ్చి చేరినవాళ్ళ కథ కానే కాదు.

బెరెన్సన్ నియమాలను మాత్రం మార్చారు. కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలన్నారు. ఎదుటివాళ్ళ చేతిలోంచి బంతి లాక్కోకూడదు, మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు, మూడుసార్లకు మించి డ్రిబుల్ చేయకూడదు, అంటే బంతిని నేలకు కొట్టకూడదు. పరుగెత్తితే ఆడవాళ్ళ ఒంటికి చేటని ఆ కాలపు వైద్యులు గట్టిగా చెప్పేవారు. పెనుగులాట మర్యాద కాదని సమాజం అనేది. ఈ రెండు అభ్యంతరాలనూ దాటించి అమ్మాయిల చేత ఆడించాలంటే ఆమెకు అదొక్కటే దారి అయి ఉంటుంది. ఆమెను నేను తప్పుపట్టలేను. కాకపోతే ఆ గీతలు ఆమె అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం నిలిచిపోయాయి. మూడు భాగాలు 1938లో రెండయ్యాయి. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒకవైపు ఉండి పాయింట్లు చేయాలి, ముగ్గురు ఇంకోవైపు ఉండి అడ్డుకోవాలి. మధ్య గీత దాటకూడదు. ఇష్టమొచ్చినన్నిసార్లు డ్రిబుల్ చేయడానికి అనుమతి వచ్చింది 1966లో. మగవాళ్ళలాగే అయిదుగురు కోర్టంతా పరుగెత్తి ఆడటం 1971లో గానీ కాలేజీ మహిళలకు పూర్తిగా దక్కలేదు. అయోవా రాష్ట్రంలో హైస్కూల్ అమ్మాయిలు ఆరుగురి ఆటను 1993 దాకా ఆడారు. అక్కడి పల్లెల్లో దానికి విపరీతమైన ఆదరణ ఉండేది.

రెండు వేర్వేరు కాలేజీల అమ్మాయిల మధ్య తొలి మ్యాచ్ 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీలు తలపడ్డాయి. జట్టుకు తొమ్మిదిమంది. చూడటానికి వచ్చిన వందలమందీ ఆడవాళ్ళే. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది. ఇలాగే సాగి ఉంటే ఈ ఆట చరిత్ర వేరేలా ఉండేది.

పోటీయే వద్దన్న టీచర్లు

సాగలేదు. దీనికి కారణం కేవలం మగవాళ్ళ పెత్తనం అనుకుంటే కథలో సగమే తెలిసినట్టు. అమ్మాయిల కాలేజీల్లో వ్యాయామ విద్య నేర్పిన మహిళలే పోటీలకు అడ్డు చెప్పారు. మగవాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ అప్పటికే డబ్బు, జూదం, పేరుకే విద్యార్థులైన ఆటగాళ్ళు, ప్రాణాలు తీసే గాయాలతో నిండిపోయింది. ఆ రోగం ఆడపిల్లలకు అంటకూడదని ఈ టీచర్ల పట్టుదల. 1923లో జాతీయ అమెచ్యూర్ అథ్లెటిక్ సమాఖ్య మహిళా విభాగం ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన లూ హెన్రీ హూవర్, తర్వాత దేశాధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ భార్య. గెలుపోటముల కోసం కాకుండా అందరూ ఆడాలి, టికెట్లు పెట్టకూడదు, ప్రయాణాలు వద్దు, బహుమతులు వద్దు అన్నది వాళ్ళ విధానం. చాలా కాలేజీల్లో జట్ల బదులు ప్లే డేలు వచ్చాయి. నాలుగైదు కాలేజీల అమ్మాయిలు ఒకచోట చేరితే, వాళ్ళను కలిపేసి కొత్త జట్లు చేసేవారు. ఎవరూ తమ కాలేజీ తరఫున ఆడినట్టు కాదు. ఆట అయ్యాక ఫలహారం, కబుర్లు.

డబ్బు ఆటను చెడగొడుతుందన్న వాళ్ళ భయం తప్పు కాదు. ఆ తర్వాతి వందేళ్ళూ అదే రుజువు చేశాయి. అయితే ఆ భయానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆడాలనుకున్న అమ్మాయిలు. మిసిసిపీలో డెల్టా స్టేట్ అనే కాలేజీలో మంచి జట్టు ఉండేది. ఆట మరీ కష్టమైనదంటూ 1932లో దాన్ని రద్దు చేశారు. ఆ అమ్మాయిలు ఏడ్చి, తమ యూనిఫారాలు తగలబెట్టారు. వాళ్ళలో మార్గరెట్ వేడ్ అనే అమ్మాయి ఉంది. నలభై ఏళ్ళ తర్వాత ఆమె పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది.

పోటీ పూర్తిగా చచ్చిపోలేదు, కాలేజీల బయటికి వెళ్ళింది. అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ 1926లో మహిళలకు జాతీయ టోర్నమెంట్ మొదలుపెట్టింది. అందులో కంపెనీలు, బిజినెస్ స్కూళ్ళ జట్లు ఆడేవి. నల్లజాతి అమ్మాయిలకు ఇంకో లోకం ఉండేది. ఉత్తర కరోలినాలో నల్లజాతి మహిళల కోసం ఉన్న బెనెట్ కాలేజీ జట్టు 1930లలో చాలా పేరు తెచ్చుకుంది. 1934లో ఆ జట్టు ఫిలడెల్ఫియా ట్రిబ్యూన్స్‌తో తలపడింది. ట్రిబ్యూన్స్‌లో టెన్నిస్ ఛాంపియన్ ఓరా వాషింగ్టన్ ఉంది. తెల్లవాళ్ళ కాలేజీలు ఆడపిల్లలకు పోటీ మంచిది కాదని వాదించుకుంటున్న రోజుల్లో ఆ మ్యాచ్‌లు జరిగాయి.

టెక్సస్‌లోని వేలండ్ బాప్టిస్ట్ కాలేజీ కూడా ఈ అమెచ్యూర్ పోటీల్లోనే ఆడింది. ఊళ్ళోని వ్యాపారి ఒకాయన వాళ్ళను సొంత చిన్న విమానాల్లో మ్యాచ్‌లకు తీసుకెళ్ళేవాడు కాబట్టి వాళ్ళకు ఫ్లయింగ్ క్వీన్స్ అనే పేరు వచ్చింది. 1953 నుంచి 1958 వరకు వాళ్ళు వరసగా 131 మ్యాచ్‌లు గెలిచారు. 2014-17 మధ్య యూనివర్సిటీ ఆఫ్ కనెటికట్ జట్టు 111 మ్యాచ్‌లు వరసగా గెలిచినప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అదే అతి పొడవైన వరస అని అందరూ రాశారు. ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం అది నిజమే. వేలండ్ అమ్మాయిలు కూడా కాలేజీ అమ్మాయిలే కదా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది.

పళ్ళ బ్రష్‌లు అమ్మి, విమానం ఎక్కి

1960ల చివరికి గాలి మారింది. టీచర్లలో కొత్త తరం వచ్చింది. 1969లో పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్ స్టేట్ కాలేజీలో కోచ్ క్యారల్ ఎక్‌మన్ పదహారు కాలేజీలను పిలిచి జాతీయ స్థాయి టోర్నమెంట్ నడిపారు. వెస్ట్ చెస్టరే గెలిచింది. కాలేజీ మహిళలకు జాతీయ టోర్నమెంట్ అన్నది అక్కడ మొదలైంది. 1971లో మహిళా క్రీడా అధ్యాపకులు కలిసి ఏఐఏడబ్ల్యూ, అంటే మహిళల అంతర్ కళాశాల క్రీడల సంఘం, స్థాపించారు. నడిపేవాళ్ళంతా దాదాపు మహిళలే.

1972లో ఇల్లినాయ్ రాష్ట్రం నార్మల్ పట్టణంలో ఏఐఏడబ్ల్యూ తొలి జాతీయ టోర్నమెంట్ జరిగింది. గెలిచింది ఇమాక్యులాటా. ఫిలడెల్ఫియా దగ్గర కేథలిక్ సన్యాసినులు నడిపే చిన్న ఆడపిల్లల కాలేజీ అది. జిమ్నాజియం కొన్నేళ్ళ కిందట తగలబడిపోయింది. కోచ్ క్యాథీ రష్‌కి ఇచ్చేది సీజన్ మొత్తానికి 450 డాలర్లు. టోర్నమెంట్‌కు వెళ్ళడానికి డబ్బులేక అమ్మాయిలు పళ్ళ బ్రష్‌లు అమ్మారు. ఎనిమిదిమందికే టికెట్లు కుదిరాయి, అవి కూడా సీటు ఖాళీ ఉంటేనే ఎక్కే రకం టికెట్లు. కొద్దిరోజుల ముందే తమను ముప్ఫై రెండు పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడించిన వెస్ట్ చెస్టర్‌ను ఫైనల్లో 52-48తో ఓడించారు. తర్వాతి రెండేళ్ళు కూడా కప్పు వాళ్ళదే. గ్యాలరీలో సన్యాసినులు ఇనప బకెట్లు కర్రలతో బాదుతూ గోల చేసేవారు. కాలేజీ మహిళల ఆట ఏ స్థితినుంచి లేచిందో ఈ ఒక్క జట్టును చూస్తే చాలు. వాళ్ళ గెలుపులో పోగైన అభిమానమే 1975 జనవరిలో మేరీలాండ్‌తో ఆడిన మ్యాచ్‌ను జాతీయ టీవీదాకా తీసుకెళ్ళింది. అదే ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్ళు క్వీన్స్ కాలేజీతో ఆడుతుంటే దాదాపు పన్నెండువేలమంది వచ్చారు.

ఆ ఏడాది ఇమాక్యులాటాను ఫైనల్లో ఓడించింది డెల్టా స్టేట్. యూనిఫారాలు కాల్చిన ఆ కాలేజీయే. జట్టును తిరిగి నిలబెట్టిన కోచ్ ఆ మార్గరెట్ వేడే. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఆమె జట్టులో ఆరడుగుల మూడంగుళాల లూషా హ్యారిస్ ఉంది. మిసిసిపీ పత్తి పొలాల మధ్య పెరిగిన నల్లజాతి అమ్మాయి. డెల్టా స్టేట్ 1975, 76, 77లలో వరసగా మూడుసార్లు గెలిచింది. మహిళల బాస్కెట్‌బాల్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన 1976లో మాంట్రియల్‌లో తొలి బాస్కెట్ వేసింది లూషా హ్యారిసే. మరుసటి ఏడాది మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూ ఆర్లియన్స్ జాజ్ జట్టు ఆమెను ఎంచుకుంది. ఆమె వెళ్ళలేదు. ఆడవాళ్ళకు అప్పుడు ప్రొఫెషనల్ లీగ్ లేదు. అంత గొప్ప క్రీడాకారిణి కాలేజీ పాయింట్లు క్లార్క్ ఆడే నాటికి కూడా ఎన్‌సీఏఏ పుస్తకంలో వెతికితే దొరికేవి కావు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

ముప్ఫై ఏడు పదాల చట్టం, ఒక సంఘం అంతం

1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా సవరణల్లో తొమ్మిదో అధ్యాయం ఒకటుంది. టైటిల్ నైన్ అంటారు. దాని కీలక వాక్యం ఇంగ్లీషులో ముప్ఫై ఏడు పదాలు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్ష ఉండకూడదన్నది దాని సారాంశం. అందులో ఆటల ప్రస్తావనే లేదు. దీనికోసం పోరాడిన ప్రతినిధుల సభ సభ్యులు ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్, సెనేటర్ బర్చ్ బై మనసులో ప్రధానంగా ఉన్నవి కాలేజీ ప్రవేశాలు, ఉద్యోగాలు. మెడికల్ కాలేజీల్లో ఇంతమందికి మించి అమ్మాయిలను తీసుకోకూడదని కోటా పెట్టి మిగతా అమ్మాయిలను బయటికి పంపే రోజులవి. ఆటలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని తేలాక ఎన్‌సీఏఏలో టెన్షన్ మొదలైంది. అప్పటికి అది పూర్తిగా మగవాళ్ళ ఆటల సంఘం. ఆదాయం తెచ్చే క్రీడలకు మినహాయింపు ఇవ్వాలని 1974లో సెనేటర్ జాన్ టవర్ ప్రతిపాదిస్తే దానికి వంతపాడింది. అది నెగ్గలేదు. 1976లో ప్రభుత్వ నిబంధనల మీద కోర్టుకెక్కింది. అక్కడా కలిసి రాలేదు.

ఇదే సమయంలో ఏఐఏడబ్ల్యూ లోపల కూడా సంఘర్షణ ఉంది. పాత టీచర్ల ఆదర్శాన్ని పాటిస్తూ ఆ సంఘం మొదట్లో స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయిలను తమ పోటీల్లో ఆడనివ్వలేదు. 1973లో ఫ్లోరిడాలో టెన్నిస్ ఆడే అమ్మాయిలు కోర్టుకు వెళ్ళారు. అబ్బాయిలకు స్కాలర్‌షిప్ తప్పు కానప్పుడు మాకు ఎలా తప్పవుతుందని వాళ్ళ వాదన. సంఘం తన నియమం మార్చుకుంది. మహిళల హక్కుల కోసం పుట్టిన సంఘం మీద మహిళా క్రీడాకారిణులే దావా వేయడం చూస్తే, ఇందులో మంచివాళ్ళు ఒకవైపు, చెడ్డవాళ్ళు ఒకవైపు అని గీత గీయడం ఎంత కష్టమో తెలుస్తుంది. స్కాలర్‌షిప్ రాకపోయి ఉంటే లినెట్ వుడార్డ్ లాంటి ఎందరో ఆ స్థాయికి చేరేవారా అన్నది అనుమానమే.

టైటిల్ నైన్‌ను ఆపలేమని అర్థమయ్యాక ఎన్‌సీఏఏ దారి మార్చింది. అడ్డుకోలేని దాన్ని సొంతం చేసుకోవడానికి సిద్ధపడింది. 1981 జనవరి సమావేశంలో పెద్ద కాలేజీల మహిళల పోటీలు కూడా తామే నడపాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. చాలా హోరాహోరీగా సాగి, మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి, చివరికి తీర్మానం నెగ్గింది. కాలేజీలకు వాళ్ళు చూపిన ఆశ తిరుగులేనిది. జట్ల ప్రయాణ ఖర్చులు భరిస్తామన్నారు. మగవాళ్ళ సభ్యత్వం ఉన్న కాలేజీకి మహిళల జట్ల కోసం వేరే రుసుము అక్కర్లేదన్నారు. టోర్నమెంట్‌కు వెళ్ళాలంటే చేతి డబ్బు పెట్టుకోవాల్సి వచ్చే ఏఐఏడబ్ల్యూలో ఇక ఎవరుంటారు? మహిళల ఫైనల్‌ను చూపించడానికి సీబీఎస్ టీవీ ముందుకొచ్చింది, ఏఐఏడబ్ల్యూతో ఉన్న ఎన్‌బీసీ తప్పుకుంది.

అలా 1982 మార్చిలో రెండు ఛాంపియన్‌షిప్‌లు జరిగాయి. ఎన్‌సీఏఏ తొలి టోర్నమెంట్‌లో ముప్ఫై రెండు జట్లు. వర్జీనియాలోని నార్ఫోక్‌లో జరిగిన ఫైనల్లో లూసియానా టెక్ 76-62తో చేనీ స్టేట్‌ను ఓడించింది. చేనీ స్టేట్ పెన్సిల్వేనియాలో నల్లజాతివాళ్ళ కోసం పుట్టిన చిన్న విద్యాసంస్థ, కోచ్ వివియన్ స్ట్రింగర్. అలాంటి చారిత్రక నల్లజాతి కాలేజీల్లో పై స్థాయి ఎన్‌సీఏఏ మహిళల ఫైనల్ దాకా వచ్చింది అదొక్కటే. మరోపక్క ఫిలడెల్ఫియాలోని పలెస్ట్రా ప్రాంగణంలో ఏఐఏడబ్ల్యూ చివరి ఫైనల్. రట్గర్స్ 83-77తో టెక్సస్‌ను ఓడించింది. రట్గర్స్ కోచ్ థెరీసా గ్రెంట్జ్, పదేళ్ళ కిందట ఇమాక్యులాటా తరఫున తొలి కప్పు గెలిచిన అమ్మాయిల్లో ఒకరు. ఆ సంఘం తొలి పోటీలో ఆడిన మనిషే దాని ఆఖరి కప్పు అందుకున్నారు. ఎన్‌సీఏఏ తన గుత్తాధిపత్యంతో తమను దెబ్బతీసిందని ఏఐఏడబ్ల్యూ వేసిన దావా కోర్టులో ఓడిపోయింది.

అమ్మాయిలకు ఇందువల్ల మంచే జరిగిందా? ఆడేవాళ్ళ వరకు చూస్తే చాలావరకు మంచే. ప్రయాణాలు, స్కాలర్‌షిప్‌లు, టీవీ, అన్నీ పెరిగాయి. నడిపేవాళ్ళ విషయంలో మాత్రం నష్టం పెద్దది. 1972లో కాలేజీ మహిళల జట్ల కోచ్‌లలో నూటికి తొంభైమందికి పైగా మహిళలే. జీతాలు పెరిగి ఆ ఉద్యోగాలకు విలువ వచ్చాక మగవాళ్ళు వచ్చి చేరారు. 2014కల్లా ఆ వాటా నూటికి నలభై మూడుకు పడిపోయింది. కాలేజీల్లో మహిళల క్రీడా విభాగాలను పురుషుల విభాగాల్లో కలిపేసినప్పుడు డైరెక్టర్ కుర్చీలు కూడా మగవాళ్ళకే వెళ్ళాయి.

ఇక రికార్డుల సంగతి. టెనెసీ కోచ్ ప్యాట్ సమ్మిట్ 1974లో ఇరవై రెండేళ్ళ వయసులో, నెలకు 250 డాలర్ల జీతానికి ఉద్యోగంలో చేరారు. జట్టు వ్యాన్ తనే నడిపారు, యూనిఫారాలు తనే ఉతికారు. 2012లో రిటైరయ్యేసరికి 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్ళు. ఆ 1,098లో 1982కి ముందు గెలిచిన మ్యాచ్‌లు కూడా ఉన్నాయి, ఎన్‌సీఏఏ వాటిని ఒప్పుకుంది. అంటే ఒక మ్యాచ్‌లో కోచ్ గెలుపు లెక్కలోకి వచ్చింది, అదే మ్యాచ్‌లో అమ్మాయి వేసిన పాయింట్లు రాలేదు. దీనికి సమర్థన నాకు ఎక్కడా కనబడలేదు. పైగా వుడార్డ్ ఆడిన రోజుల్లో మహిళలు మగవాళ్ళ సైజు బంతితోనే ఆడేవారు. చిన్న బంతి 1984-85లో వచ్చింది. మూడు పాయింట్ల గీత 1987-88లో. ఆ రెండూ లేకుండా 3,649 చేయడం క్లార్క్ ఘనతను తగ్గించదు, వుడార్డ్ ఘనత ఎంతటిదో చెబుతుంది. అయోవా కోచ్ లీసా బ్లూడర్ కూడా అప్పట్లో వుడార్డ్ రికార్డునే అసలైనదిగా భావించాలని బహిరంగంగా అన్నారు.

టీవీ లెక్క

ఆ తర్వాతి నలభై ఏళ్ళు చాలామందికి తెలిసినవే కాబట్టి త్వరగా చెప్తాను. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెరిల్ మిల్లర్ 1983, 84లలో కప్పులు తెచ్చింది. టెక్సస్ 1986లో ఒక్క ఓటమీ లేకుండా 34-0తో గెలిచింది. షెరిల్ స్వూప్స్ 1993 ఫైనల్లో ఒక్కతే 47 పాయింట్లు చేసింది. కనెటికట్‌లో జీనో ఆరియెమ్మా 1985లో కోచ్‌గా చేరి, 1995లో 35-0తో తొలి టైటిల్, 2025 నాటికి పన్నెండోది గెలిచారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఊపులో మరుసటి ఏడాది మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ఆట మొదలుపెట్టింది. కాలేజీ తర్వాత ఎక్కడికి అన్న ప్రశ్నకు అప్పటికి ఒక జవాబు దొరికింది. టోర్నమెంట్ 1994లో అరవై నాలుగు జట్లకు, 2022లో అరవై ఎనిమిదికి పెరిగింది.

పైకి ఇంత ఎదుగుదల కనిపిస్తున్నా లోపల ఏం జరుగుతోందో 2021లో బయటపడింది. కోవిడ్ కారణంగా ఆ ఏడాది మహిళల టోర్నమెంట్ అంతా టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో ప్రాంతంలో, పురుషులది ఇండియానాలో పెట్టారు. ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఒక చిన్న వీడియో పెట్టింది. మగవాళ్ళకు హాలు నిండా వ్యాయామ పరికరాలు, ఆడవాళ్ళకు ఒక్క వరస డంబెల్స్. జాగా లేదన్న సాకు అబద్ధమని వీడియోలోనే చూపించింది. అప్పుడు తవ్వితే తేలిన విషయాలు ఇంకా ఉన్నాయి. కోవిడ్ పరీక్షలు కూడా పురుషులకు మెరుగైన రకం, మహిళలకు మరో రకం. మార్చి మ్యాడ్‌నెస్ అనే ప్రచార పేరును అప్పటిదాకా పురుషుల టోర్నమెంట్‌కే వాడేవారు.

విచారణకు నియమించిన న్యాయవాదుల సంస్థ ఆ ఆగస్టులో ఇచ్చిన నివేదికలో అసలు ముడి కనబడుతుంది. ఎన్‌సీఏఏ మహిళల బాస్కెట్‌బాల్ టీవీ హక్కులను ఇంకో ఇరవై ఎనిమిది ఛాంపియన్‌షిప్‌లతో కలిపి మూటగట్టి ఈఎస్‌పీఎన్‌కు ఏడాదికి సుమారు 3.4 కోట్ల డాలర్లకు అమ్మింది. విడిగా అమ్మితే 2025లో మహిళల బాస్కెట్‌బాల్ ఒక్కదానికే 8.1 కోట్లనుంచి 11.2 కోట్ల డాలర్ల దాకా వస్తుందని ఆ నివేదిక అంచనా. ఆడవాళ్ళ ఆటకు డబ్బు రాదు కాబట్టి ఖర్చు పెట్టం అని ఏళ్ళ తరబడి చెప్పినవాళ్ళే, డబ్బు రాకుండా ఒప్పందం రాసుకున్నారు. పురుషుల టోర్నమెంట్‌లో ఫైనల్ తప్ప ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ఆ జట్టు ఉన్న కాన్ఫరెన్స్‌కు, అంటే కాలేజీల కూటమికి, డబ్బు వచ్చేది. మహిళలకు అప్పుడు అలాంటి నిధి లేదు. మరి కాలేజీ పాలకులు ఏ జట్టు మీద ఖర్చు పెడతారు?

2023 ఫైనల్లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) అయోవాను ఓడిస్తుంటే 99 లక్షలమంది చూశారు. 2024లో డాన్ స్టేలీ శిక్షణలో సౌత్ కరోలినా 38-0తో సీజన్ ముగించిన ఫైనల్‌ను దాదాపు 1.89 కోట్లమంది చూశారు. పురుషుల ఫైనల్‌ను చూసింది 1.48 కోట్లమంది. మహిళల ఫైనల్ ముందుండటం అదే మొదటిసారి. అదే ఏడాది జనవరిలో కుదిరిన కొత్త ఈఎస్‌పీఎన్ ఒప్పందం ఎనిమిదేళ్ళకు 92 కోట్ల డాలర్లది. అందులో మహిళల బాస్కెట్‌బాల్ వాటా ఏడాదికి 6.5 కోట్లని ఎన్‌సీఏఏ చెప్పింది. అయినా మూట మూటగానే ఉంది. క్లార్క్ ఆఖరి సీజన్ పూర్తిగా చూడకముందే, 2021 నివేదిక అంచనాకంటే తక్కువకే ఎనిమిదేళ్ళపాటు కట్టుబడిపోవడం తొందరపాటని నా అభిప్రాయం. మహిళల టోర్నమెంట్‌లో ఆడిన మ్యాచ్‌ల లెక్కన డబ్బు పంచే నిధికి 2025 జనవరిలో ఆమోదం వచ్చింది. మొదటి ఏడాది 1.5 కోట్ల డాలర్లు.

ఆ తర్వాత రణరంగం న్యాయస్థానానికి మారింది. కాలేజీ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చని 2025 జూన్‌లో ఒక పెద్ద రాజీ ఒప్పందానికి ఫెడరల్ జడ్జి ఆమోదం తెలిపారు. ఒక్కో కాలేజీ మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. పాత క్రీడాకారులకు బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు. ఆ బకాయిల్లో అత్యధిక భాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే వెళ్ళేలా లెక్క వేశారు. ఎందుకంటే టీవీ డబ్బు వాళ్ళ ఆటకే వచ్చిందన్నది వాదన. ఆ డబ్బు ఎందుకు అలా వచ్చిందో పైన చూశాం. రోజుల వ్యవధిలోనే ఎనిమిదిమంది మహిళా క్రీడాకారిణులు, ఇది టైటిల్ నైన్‌కు విరుద్ధమంటూ అప్పీలు చేశారు. దానితో బకాయిల చెల్లింపు ఆగింది. కొత్తగా పంచే డబ్బుకు 1972 చట్టం వర్తిస్తుందా, వర్తిస్తే ఎంతవరకు అన్నది ఆ రాజీ ఒప్పందం తేల్చలేదు. ఒక్కో కాలేజీ తన లాయర్లను అడిగి తన లెక్క తాను వేసుకుంటోంది.